సాగిన హ్యాండిళ్లు, ఆగిన ఆర్డర్లు

అందరికీ నమస్కారం.

ఆరు వారాలుగా తోలు బ్యాగులకి కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపేశాను. పని మానేస్తున్నారా అని కొందరు, ఒంట్లో బాగాలేదా అని కొందరు అడిగారు. అంత ఆప్యాయంగా అడుగుతుంటే రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఒంట్లో బాగానే ఉంది. పని మానే ఆలోచన లేదు. రెండు హ్యాండిళ్లున్న భుజం బ్యాగుల్లో నావల్ల ఒక తప్పు జరిగింది. ఒకే లాట్ తోలుతో చేసిన 34 బ్యాగుల హ్యాండిళ్లు వాడేకొద్దీ సాగుతున్నాయి. తోలు మంచిదే. అమ్మినవాళ్ల పొరపాటు ఏమీ లేదు. దాన్ని కోయడంలో నేను తప్పు చేశాను. ఆ 34 బ్యాగులకూ కొత్త హ్యాండిళ్లు ఉచితంగా వేసి ఇస్తున్నాను. రానూపోనూ కొరియర్ ఖర్చు కూడా నాదే.

విషయం ఒక మెసేజ్‌తో బయటపడింది. "కొన్నప్పుడు బ్యాగ్ నడుము దగ్గర ఉండేది, ఇప్పుడు ఇంకాస్త కిందికి దిగినట్టుంది, నాకే అలా అనిపిస్తోందా?" అని ఒకావిడ రాశారు. రోజూ లాప్‌టాప్ పెట్టుకుని తిరుగుతారు కాబట్టి బరువుకి కొంచెం సర్దుకుని ఉంటుంది అనుకున్నాను. కొత్త తోలు మొదట్లో కాస్త సర్దుకోవడం మామూలే. మర్నాడు ఆవిడ ఫొటో పంపారు. బ్యాగ్ టేబుల్ మీద నిలబెట్టి, రెండు హ్యాండిళ్లనూ పక్కపక్కన పైకెత్తి పట్టుకున్నారు. ఒకటి రెండోదానికంటే పొడుగ్గా ఉంది. ఆ ఫొటో చూడగానే గుండె గుభేలుమంది. వెంటనే బ్యాగ్ పంపించమన్నాను.

పార్సిల్ విప్పి ముందు టేప్ పట్టాను. రెండూ 60 సెంటీమీటర్లకి కోసినవే. ఒకటి 61 చూపించింది, రెండోది 62న్నర. కిటికీ దగ్గర కూర్చుని రెండోదాన్ని బొటనవేలితో మెల్లగా వంచి చూశాను. గట్టి తోలు వంచితే ఒక గుండ్రటి మడత పడి, వదలగానే మళ్లీ సాఫీ అయిపోతుంది. దీని మీద సన్నసన్నటి ముడతలు గుంపుగా లేచాయి. పైపొర లోపలి పొరను వదిలేసినట్టుంది. బ్యాగుకి కలిపి కుట్టిన చోట కుట్టు రంధ్రాలు సన్నటి గీతల్లా ఉండాల్సింది పోయి కోలగా తెరుచుకున్నాయి. దారం మాత్రం ఎక్కడా తెగలేదు, వదులు కాలేదు. కుట్టు నిలబడింది, తోలు నిలబడలేదు. ఈ ముక్క తోలులో ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడే అర్థమైపోయింది.

తోలు పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. బట్ట తాను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా ఉంటుంది. తోలు అలా ఉండదు. నేను కొనేది సాధారణంగా ఒక పశువు తోలులో సగం, అంటే వెన్ను వెంబడి రెండుగా చీల్చిన ఒక పక్క. 20 నుంచి 25 చదరపు అడుగులు వస్తుంది. అందులో వెన్ను పక్కన ఉండే భాగంలో పీచు దగ్గరగా, బిగువుగా అల్లుకుని ఉంటుంది. పొట్ట వైపు పోయేకొద్దీ ఆ అల్లిక వదులవుతుంది. మేత మేసినప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు పొట్ట సాగాలి కదా, అందుకే అక్కడ చర్మం అలా ఉంటుంది. మెడ దగ్గర ముడతలు, కాళ్ల దగ్గర వంకర. బరువు మోసే పట్టీ ఏదైనా, బెల్టు కానీ హ్యాండిల్ కానీ, వెన్ను పక్క నుంచి, వెన్నుకి సమాంతరంగా కోయాలి. ఆ దిశలో తోలు అన్నిటికంటే తక్కువ సాగుతుంది. అడ్డంగా కోస్తే, అందులోనూ పొట్ట వైపుకి జరిగితే, ఆ పట్టీ బరువుకి సాగుతూనే పోతుంది. ఈ పనిలో మొదటి నెలలోనే నేర్చుకునే సంగతి ఇది. నాకూ తెలుసు.

తెలిసి కూడా ఎందుకు అలా కోశానంటే, మచ్చల వల్ల. గతేడాది కొన్ని బ్యాగులు వెనక్కి వచ్చాయి. ఒకదాని మీద మానిపోయిన గీత ఉంది. ఇంకోదాని మీద గోమారి పురుగు కుట్టిన చుక్కలు. "ఇంత పెట్టి కొంటే మరకలున్న బ్యాగ్ పంపుతారా" అని ఒకరు రాసింది చాలా రోజులు మనసులో ఉండిపోయింది. అప్పటి నుంచి తోలు పరిచినప్పుడు నా కళ్లు మచ్చలనే వెతకడం మొదలుపెట్టాయి. ఈ లాట్ తోళ్లలో వెన్ను పక్కన గీతలు కాస్త ఎక్కువున్నాయి. వాటిని తప్పించడానికి హ్యాండిల్ అచ్చుని కొన్నిచోట్ల అడ్డంగా తిప్పి పెట్టాను, కొన్నిచోట్ల కిందికి జరిపాను. అక్కడ పైభాగం అద్దంలా నున్నగా ఉంది. కోసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది, నాకు బాగా గుర్తుంది. రెండు పొరలు కలిపి అంటిస్తున్నాను కదా, ఏమీ కాదులే అనుకున్నాను. చూపుకి బాగుండాలని బలాన్ని వదులుకున్నాను. మీరు డబ్బు పెట్టింది ఆ బలం కోసమే అని నాకు తెలుసు, అందుకే ఇన్ని రోజులుగా ఇది ఇంత బాధపెడుతోంది.

కాబట్టి ఇకమీదట ఒక మార్పు. మానిన గీతలు, గోమారి చుక్కలు, నరాల జాడలు బ్యాగ్ మీద ఉండనిస్తాను. నేను వాడేది ఫుల్ గ్రెయిన్, అంటే పైపొరను రుద్దకుండా ఉన్నదున్నట్టు ఉంచిన తోలు. ఆ పశువు ఎలా బతికిందో దాని మీద కనిపిస్తుంది. ఒక్క మచ్చ కూడా లేకుండా, ఎటు చూసినా ఒకేలా కనిపించే తోలు చాలావరకు పైభాగాన్ని రుద్ది, రంగుపూత వేసి, అచ్చు ఒత్తినదే. అదీ తోలే, దాని వాడకం దానికుంది. కానీ కాలంతో పాటు రంగు ముదిరి అందంగా మారే గుణం పూత కింద అణిగిపోతుంది. తెగిన గాయం, లోతైన కోత ఉన్న చోటు మాత్రం ఎప్పుడూ వాడను. కోయడానికి ముందే మీ బ్యాగ్ ముందుభాగం తోలు మీద ఎక్కడ పడుతుందో సుద్దతో గీసి ఫొటో పంపుతాను. మీకు ఆ గీత వద్దనిపిస్తే అప్పుడే చెప్పండి, అచ్చు జరుపుతాను. ముందుభాగాన్ని జరపగలను. హ్యాండిల్‌ని మాత్రం జరపను, అది వెన్ను పక్కనే ఉంటుంది.

ఇక ఈ రిపేరు ఎందుకింత ఆలస్యమవుతోందో చెప్తాను. ముందు పాత హ్యాండిల్ ఊడదీయాలి. లైనింగ్ కొంత విప్పితే గానీ కుట్టు అందదు. ఒక్కో కుట్టూ కత్తిమొనతో తెంపి, దారం ముక్కలు పీకి, బ్యాగ్ మీద పాత రంధ్రాలు పెద్దవి కాకుండా చూసుకోవాలి. ఎందుకంటే కొత్త హ్యాండిల్ మళ్లీ వాటిలోంచే కుట్టాలి. తర్వాత కొత్త పట్టీలు కోసి, చివర్లు రంపెతో, అంటే తోలు చెక్కే కత్తితో, పలుచగా చెక్కి, రెండు పొరలూ గమ్‌తో అంటించి, సుత్తితో మెల్లగా కొట్టి, ఒక రాత్రి బరువు కింద ఉంచుతాను. కుట్టు అంగుళానికి 7. ఒక్కో హ్యాండిల్‌కి రెండు వైపులా కలిపి 330 కుట్లు దాకా వస్తాయి. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు. ఆరెతో, అంటే రంధ్రాలు పొడిచే మొనతో, పొడిచిన ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరాలి. ప్రతిసారీ ఒకే సూది ముందు, ఒకే కోణం, ఒకే లాగుడు. కొంచెం తేడా వచ్చినా వరస వంకర పోతుంది.

మిషన్ మీద కుడితే త్వరగా అయిపోతుంది కదా అని కొందరు అడిగారు. అవుతుంది, చక్కటి మిషన్ కుట్టుని నేను తక్కువ చేయను. లోపలి జేబులు, లైనింగ్ నేనూ మిషన్ మీదే కుడతాను. కానీ మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. రెండు సూదుల చేతి కుట్టులో ఒకచోట ఒక వరస అరిగి తెగినా, అదే రంధ్రాల్లోంచి పోయిన రెండో వరస పట్టుకుని ఉంటుంది. హ్యాండిల్ తెగితే బ్యాగ్ రోడ్డు మీద పడుతుంది, అందుకే అక్కడ చేతి కుట్టే.

కుట్టు అయ్యాక అంచులు. మూలలు సన్నగా చెక్కి, ఉప్పు కాగితంతో ముందు గరుగ్గా తర్వాత మెత్తగా రుద్ది, తడి చేసి, కర్రతో వేడెక్కేదాకా రుద్ది, తేనెమైనం పట్టిస్తాను. రెండు పొరల మధ్య గీత కనబడకుండా పోయి, అంచు ఒకే ముక్కలా నల్లగా మెరిసే నిమిషం ఒకటి వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ నిమిషం కోసం నాకు ఈ పని ఇష్టం. మొత్తం కలిపి ఒక్కో బ్యాగుకి 5, 6 గంటలు పడుతోంది. వేళ్ల కీళ్లు నొప్పి పుట్టకముందే ఆపేస్తున్నాను, నొప్పి చేత్తో కుడితే లాగుడు తప్పుతుంది. ఇప్పటికి 11 బ్యాగులు పూర్తయ్యాయి.

కొత్త హ్యాండిళ్లలో రెండు పొరల మధ్య సాగని నైలాన్ టేప్ కూడా పెడుతున్నాను. తోటి పనివాళ్లు ఈ సలహా ఎప్పుడో ఇచ్చారు. అంతా తోలే ఉండాలన్న పంతంతో నేను వినలేదు. అది తప్పుడు పంతం. టేప్ బయటికి కనబడదు, పట్టుకుంటే తేడా తెలియదు, బరువు మాత్రం అది మోస్తుంది.

ఒక తేడా మాత్రం మీకు తెలుస్తుంది. రంగు. నేను వాడేది చెట్టు చెక్కలతో, కాయలతో శుద్ధి చేసిన తోలు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ, ఇలాంటి వాటిలోని వగరుతో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఊరిన తోలు. క్రోమియం ఉప్పుతో అయితే ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, ఆ తోలు రంగు పెద్దగా మారదు. ఇది మాత్రం ఎండకి, చేతి నూనెకి ముదురుతుంది. మీ బ్యాగ్ ఇప్పటికే తేనెరంగులోకి వచ్చి ఉంటుంది, కొత్త హ్యాండిల్ లేత రంగులో ఉంటుంది. కలిసిపోవాలని రంగు వేయను, అలా వేసింది తర్వాత ఇంకో దారిలో మారుతుంది. పంపేముందు కొన్నాళ్లు ఎండ తగిలేలా వేలాడదీస్తున్నాను. మిగతాది మీ చేతుల్లో కొన్ని నెలల్లో కలిసిపోతుంది. అంతవరకు కొంచెం ఓపిక పట్టమని అడుగుతున్నాను.

ఈ రిపేర్ల మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నారు. మీ అందరికీ విడిగా మెసేజ్ పెట్టాను. ఆగలేనివాళ్లకి డబ్బు మొత్తం వెనక్కి పంపేస్తాను, మొహమాటపడకుండా చెప్పండి. ముగ్గురు అడిగారు, పంపేశాను. ఆగుతామన్నవాళ్ల పని హ్యాండిళ్లన్నీ అయ్యాకే మొదలవుతుంది. కొత్త ఆర్డర్లు ఆ తర్వాతే.

మీ దగ్గరున్నది ఆ లాట్ బ్యాగో కాదో తెలుసుకోవాలంటే లోపలి జేబు పైఅంచు కింద ఒత్తిన నంబర్ చూడండి. అది 7తో మొదలైతే ఆ లాటే. రెండు హ్యాండిళ్లనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కుట్టు మొదలైన చోటు నుంచి చివరి కుట్టు దాకా టేప్‌తో కొలిచి, ఆ రెండు అంకెలూ నాకు పంపండి. సాగినట్టు కనబడకపోయినా పంపండి, ఇప్పుడు తెలియకపోయినా తర్వాత సాగుతుంది. బ్యాగ్ రోజూ వాడుకునేవాళ్లు మీకు ఏ వారం వీలో చెప్తే, కొత్త హ్యాండిళ్లు ముందే కుట్టి, ఎండబెట్టి సిద్ధంగా ఉంచుతాను. అప్పుడు మీ బ్యాగ్ నా దగ్గర రెండు రోజులే ఉంటుంది.