పాటలు సరే, మాటల సంగతి?

(2017లో, ఈ ఆట మొదలవకముందు రాసిన లేఖ)

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ రాక్ పాటల రచయిత జిమ్ స్టైన్‌మన్ మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) 'బ్యాట్ ఔట్ ఆఫ్ హెల్' 2017 ఫిబ్రవరి 17న మాంచెస్టర్ ఒపెరా హౌస్‌లో మొదలవుతుందని వార్త వేశారు, సంతోషం. అందులో 'హిట్ ఆల్బమ్‌ను నాటకంగా మారుస్తున్నారు' అన్న వాక్యం మాత్రం తలకిందులైంది. ముందు పుట్టింది నాటకమే. 1969లో ఆమ్‌హర్స్ట్ కాలేజీ విద్యార్థిగా ఆయన రాసిన 'ద డ్రీమ్ ఇంజిన్' దీనికి మూలం. అది రూపు మార్చుకుని 1977లో వాషింగ్టన్ కెనెడీ సెంటర్‌లో 'నెవర్‌ల్యాండ్' పేరుతో వర్క్‌షాప్‌గా, అంటే ప్రయోగాత్మక ప్రదర్శనగా నడిచింది. అందులోని పాటలు మూడు అదే ఏడాది గాయకుడు మీట్ లోఫ్ పాడిన 'బ్యాట్ ఔట్ ఆఫ్ హెల్' ఆల్బమ్‌లో చేరాయి. స్టేజీ కోసం కట్టిన పాటలు స్టేజీ దొరక్క నలభై ఏళ్లు రికార్డులో తలదాచుకున్నాయన్నమాట.

ఇది స్టేజీ మీద నిలుస్తుందా అన్న అభిమానుల అనుమానాలకు కారణం ఉంది. వియన్నాలో 1997లో బాగా ఆడిన ఆయన 'టాంజ్ డెర్ వాంపైర్'ను 2002 డిసెంబర్‌లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకు తెచ్చినప్పుడు గంభీరమైన కథలో జోకులు దూర్చారు. 56 ఆటలకే తెర దించేశారు. ఆయన బ్యాట్‌మన్ మ్యూజికల్ అయితే పాటల దశ దాటి స్టేజీ దాకా రానేలేదు. ఇప్పటి నిర్మాతల్లో ఒకరైన మైకేల్ కోల్, ప్రారంభానికి ముందే 182 ప్రివ్యూలు (సరిచూసుకునే ఆటలు) వేసుకున్న స్పైడర్‌మన్ మ్యూజికల్‌కూ నిర్మాత. ఈసారి తేడా ఏమిటంటే, థియేటర్ ఖాయమై టికెట్లు అమ్ముతున్నారు.

అసలు చిక్కు నిడివి దగ్గర. టైటిల్ పాట 9 నిమిషాల 48 సెకన్లు. 'పారడైజ్ బై ద డాష్‌బోర్డ్ లైట్' ఎనిమిదిన్నర. 'ఐ వుడ్ డూ ఎనీథింగ్ ఫర్ లవ్' పన్నెండు. మూడు పాటలకే అరగంట! ఇలాంటివి పది పెడితే, రెండున్నర గంటల ఆటలో విరామం పోను కథకు మిగిలేది అరగంటే. కోస్తే అభిమానులు ఊరుకోరు, కోయకపోతే కథ నడవదు. రికార్డులో గిటారు ఒక్కటే మోగే చోట్లను సెట్ మార్చడానికీ డాన్సుకూ వాడుకుంటే కొంత కలిసొస్తుంది. 'పారడైజ్' పడుచుదనంలో మొదలై పశ్చాత్తాపంలో ముగిసే పాట. దాన్ని కుర్ర జంటకు కాక నడివయసు దంపతులకు ఇస్తేనే అతుకుతుంది.

పద్యనాటకాలకు వన్స్‌మోర్‌లు కొట్టిన మనకు ఇది తెలియని ఇబ్బంది కాదు. కానీ రాయబారం కథ ప్రేక్షకుడికి ముందే కంఠతా వచ్చు, పద్యం దగ్గర ఎంతసేపు ఆగినా ఫరవాలేదు. ఈ ఆటలోని ప్రేమికులు స్ట్రాట్, రావెన్‌ల కథ అలా కాదు, ప్రేక్షకుడికి బొత్తిగా కొత్త. పాటకూ పాటకూ మధ్య మాటలే దాన్ని మోయాలి. స్టైన్‌మన్ రాతలో మాటలు కూడా పాటలంత ఉద్వేగంగా ఉంటాయి. పక్కన ఉండి 'ఇది తీసేద్దాం' అనగలిగే మనిషి ఉన్నాడా అన్నదే మా బెంగ. దర్శకుడు జే షైబ్ ఆ పని చేస్తాడని ఆశ.

ఇక గొంతులు. స్టూడియోలో ఒక వాక్యాన్ని పదిసార్లు పాడి మంచిది ఎంచుకోవచ్చు. ఇక్కడ వారానికి ఎనిమిది ఆటలు, అదీ గొంతు చించుకునే శ్రుతిలో. ప్రధాన పాత్రకు వారంలో ఒకటి రెండు ఆటలైనా మరో గాయకుడు పాడకపోతే నెల తిరిగేసరికి శ్రుతి దించాల్సి వస్తుంది.

2017 జూన్ 5 నుంచి ఆట లండన్ కొలీజియం థియేటర్‌లో. అది 'ఇంగ్లిష్ నేషనల్ ఒపెరా' సంస్థ ఆటలాడే చోటు, రెండు వేల మూడు వందలకు పైగా సీట్లు. వాళ్లకు ఖాళీ ఉన్న వేసవిలోనే ఇచ్చారు కాబట్టి ఆట బాగున్నా ఎక్కువకాలం పొడిగించడం కుదరదు. అక్కడి తెలుగువాళ్లు టికెట్ కొనేముందు చూసుకోండి: మాంచెస్టర్ తొలి వారాల్లో ఆట ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, పాటల వరుస కూడా మారవచ్చు. ఏం కోశారో తెలుసుకోవాలంటే రెండు ఊళ్లలోనూ చూడాలి. ఒక్కసారే చూసేవాళ్లకు లండన్ నయం.

— కొందరు రాక్ సంగీత అభిమానులు, హైదరాబాద్