విషయం: వార్డులో డెమో ఇవ్వకుండానే మూసేసిన ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా లేక అమ్మా (మీరెవరో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండూ రాస్తున్నాను),

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి పిల్లల వార్డులో ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. పాతవి ఆపేసి మీ కొత్త సేఫ్టీ క్యాన్యులాలు (మందు, సెలైన్ ఎక్కించడానికి సూదితో నరంలోకి దించే సన్న గొట్టాలు) పంపారు. సూది తీయగానే మొనకి క్లిప్పు పడుతుందట, మాకు గుచ్చుకోదట. మంచిదే. కానీ నెలల పిల్లకి పసుపు రంగు 24 గేజ్ పెట్టి, హమ్మయ్య రక్తం కనపడింది అనుకునేలోపు క్లిప్పు దగ్గర సూది పట్టేస్తోంది. లాగితే క్యాన్యులా కూడా వచ్చేస్తోంది. మళ్లీ గుచ్చాలి. ఆ తల్లికి సమాధానం చెప్పుకోవాల్సింది మేము.

సరే, అది పక్కన పెట్టండి. లోపం ఎక్కడుందో, చూపించే మనిషి వస్తే తేలిపోయేది. డెమో ఇస్తామన్నది మీరే. ఇచ్చారు కూడా, పర్చేజ్ ఆఫీసులో, రబ్బరు చెయ్యి మీద! అక్కడున్నవాళ్లలో ఒక్కరూ జన్మలో ఐవీ లైన్ పెట్టినవాళ్లు కారు. టీ తాగి సంతకాలు పెట్టేశారు.

మీ హెల్ప్‌లైన్‌కి చేసి ఐవీ క్యాథెటర్ (క్యాన్యులాకే ఇంకో పేరు) అంటే, మొదటి అమ్మాయి "క్యాథెటర్ అంటే యూరిన్‌దే కదా మేడమ్" అని అటు కలిపింది. వాళ్లు చాలాసేపు పాట వినిపించి మాది కాదన్నారు. తర్వాత ఒకాయన "మీరు డాక్టరా?" అన్నాడు. సిస్టర్‌నన్నాను. "అయితే డాక్టర్‌గారితో చేయించండి." బాబూ, అర్ధరాత్రి రెండింటికి మా వార్డులో లైన్ పెట్టేది ఎవరనుకున్నావు? ఇంకొకావిడ బ్యాచ్ నంబరు, ఫొటో అడిగింది, పంపాను. వాడిన సూది కొరియర్ చెయ్యమంది! రక్తం అంటిన సూదిని కవర్లో పెట్టమన్న సేఫ్టీ కంపెనీ మీదొక్కటే అయ్యుంటుంది. మా సూదులు అప్పటికప్పుడు తెల్ల డబ్బాలో పడాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్సు మీకు నేను చదివి వినిపించాలా? మీ రెప్‌కి చేస్తే, "ఇప్పుడు వైజాగ్ చూస్తున్నాను సిస్టర్, కొత్తాయన వస్తారు" అన్నాడు. ఆయన ఇంకా వస్తూనే ఉన్నాడు.

చివరికి మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది, మాకు రేటింగ్ ఇవ్వండి.

నర్సింగ్ స్కూల్లో చెయ్యి తిరిగింది మీ సరుకు మీదే. చవక రకాలు వచ్చినప్పుడు "ఇవే తెప్పించండి" అని స్టోర్‌తో పోట్లాడాను. ఇప్పుడు వాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు.

చేత్తో లైన్ పెట్టడం వచ్చిన మనిషిని పంపండి. పగటివాళ్లకే కాదు, నైట్ డ్యూటీ అమ్మాయిలకీ, కొత్తగా చేరినవాళ్లకీ పక్కన నిలబడి చూపించాలి. ఆ బ్యాచ్ వెనక్కి తీసుకోవాలి. లేదంటే వైద్య పరికరాల వల్ల జరిగిన ఇబ్బందులు తెలిపే మెటీరియోవిజిలెన్స్ ఫారం నింపి గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కి పంపిస్తాను. అక్కడ టికెట్ మూసే బటన్ మీ చేతిలో ఉండదు. వచ్చే టెండర్ మీటింగ్‌కి ఈసారి నన్నూ పిలిచారు. వచ్చేదేదో ఆలోపే రండి.

ఇట్లు,
పిల్లల వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్