ఆ దింపు పెద్దాయనకి కృతజ్ఞతలు

రాత్రంతా మసీదులో జాగారం, ఇప్పుడే సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినేది) అయింది. కళ్లు మండుతున్నాయి. పడుకుని లేస్తే ఇక రాయనేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

నిన్న షబే బరాత్, షాబాన్ నెల 15వ రాత్రి. పోయినవాళ్ల కోసం దువా చేసుకునే రాత్రి. (సమాధుల దగ్గరికి వెళ్లాలా, హల్వా మీద ఫాతెహా (పోయినవాళ్ల కోసం చదివే ప్రార్థన) చదవొచ్చా అని మనలో మనకే వాదనలున్నాయి. ఈ పూటకి నన్ను వదిలేయండి.) నాన్న పోయాక ఇదే మొదటిది.

వేసవిలో నాన్నకి మట్టి ఇచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాను. వరదల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు మా లంక మునిగింది. టీవీలో చూశాను. సెలవు దొరకలేదని అమ్మకి చెప్పాను. నిజానికి అడగలేదు.

నిన్న మగ్రిబ్ (పొద్దుగూకే వేళ నమాజు) తర్వాత సెల్ లైటు వేసుకుని ఖబరస్తాన్‌లోకి, అంటే మా సమాధుల చోటికి వెళితే అంతా ఒండ్రు, పైన గడ్డి. దిబ్బలన్నీ చదునైపోయాయి. "అస్సలాము అలైకుమ్ యా అహ్లల్ ఖుబూర్" అని అందరికీ కలిపి సలాం చెప్పాను గానీ, వాళ్లలో మా నాన్న ఎక్కడో తెలియక కూలబడ్డాను.

గట్టు మీద సైకిల్ ఆపి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. కొబ్బరి దింపు తీస్తాడట. "మాస్టారి అబ్బాయాండి? ఇవాళ మీ పండగ కదా, ఎవరో ఒకరు వస్తారని చూస్తన్నానండి. మాస్టారిని మట్టి చేసిన రోజు పక్క తోటలో చెట్టు మీదున్నాను. పైనుంచి అన్నీ కనబడతాయి కదండీ. వరద తీశాక ఈ తెల్లరాయి కంచెకి కొట్టుకొచ్చి పడుంటే, తెచ్చి ఆ చోటే పాతానండి" అన్నాడు.

అరచేత్తో రాయి మీది ఒండ్రు తుడిచాడు. నాన్న పేరు. కాకపోతే రాయి దక్షిణం వైపు ఉంది, మాకు తల ఉత్తరానికి. చెబితే నాలుక కరుచుకున్నాడు. "మాకు దక్షిణం తలండి. ఇన్నాళ్లూ కాళ్ల దగ్గర పెట్టేశానా!" ఇద్దరం కలిసి పీకాం. మొలలో కత్తి తీసి ఆయనే గొయ్యి తవ్వాడు. నేను ఫాతెహా చదివినంతసేపూ తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని కంచె అవతల నిలబడ్డాడు. 500 ఇవ్వబోతే "మాస్టారి దగ్గరాండి?" అన్నాడు. నాన్న పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

అక్కడ ఒక లైటు స్తంభం వేయించమని నాన్న బతికుండగా మూడుసార్లు అర్జీ పెట్టారు. ఒకసారి సర్వే నంబరు తేడా అన్నారు, ఒకసారి ఫండ్స్ లేవన్నారు. మూడోసారి "పడుకున్నోళ్లకి లైటెందుకు మాస్టారూ" అని నవ్వారట. ఇప్పుడు ఆయనే అక్కడ చీకట్లో ఉన్నారు.

అక్క శనగపప్పు హల్వా చేసింది, బావ బండి మీద దింపాడు, తమ్ముడు కువైట్ నుంచి వీడియో కాల్‌లో ఆమీన్ అన్నాడు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

అయ్యో, వుజూకి (నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోడానికి) నీళ్లిచ్చిన టీకొట్టు ఆవిడకి, రావులపాలెంలో నా బస్సు లేటైనా ఆగిన ఆటో అతనికి, ఫోను చార్జింగ్ పెట్టిన కుర్రాడికి కూడా. మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్‌కి కూడా.

పెద్దాయన పేరు అడగనే లేదు. హల్వా డబ్బా చేతిలో పెట్టి వచ్చేశాను. అక్కా, అది నీ స్టీలు డబ్బాయే. వచ్చే దింపుకి బావని వెళ్లి తెచ్చుకోమను.