కిట్టూ సైకిలు గురించి నాన్నగారికి

యూట్రెక్ట్, నెదర్లాండ్స్,
నవంబరు 23.

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేము క్షేమం. చలి మొదలైంది, సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి. ఆదివారం అమ్మ ఫోన్లో సైకిలు పంచాయితీ అంతా చెప్పింది. కిట్టూకి పదమూడో ఏడు వచ్చింది, ట్యూషనుకు వెళ్ళడానికి సైకిలు కొందామని మీరు. మల్కాపురం రోడ్డు మీద ఆయిల్ ట్యాంకర్ల మధ్యకు కొడుకుని పంపడమేమిటని తమ్ముడు. చివరికి "అమ్మాయి ఉన్న ఊళ్ళో అందరూ సైకిళ్ళే తొక్కుతారట, అక్కడి రూల్సు రాసి పంపమను" అని మీరు తీర్పు చెప్పారట. ఫోన్లో చెబితే తమ్ముడు వినడు, కాగితం మీద ఉంటే ముందు పెట్టి చదివించవచ్చని మీ ఎత్తు. నాకు తెలియదా! రాస్తున్నాను గానీ, ఇందులో కొన్ని మాటలు మీ వైపు, కొన్ని వాడి వైపు ఉంటాయి. వాడికి చూపించే ముందు మీరొకసారి చదువుకోండి.

ముందు నా అవమానాలు చెప్పుకోవాలి. ఇక్కడికి వచ్చిన వారంలో ఎర్ర తారు వేసిన చక్కటి దారి కనిపిస్తే, నడిచేవాళ్ళ కోసం ఎంత శ్రద్ధగా వేశారో అనుకుంటూ దాని మధ్యలో నడిచాను. వెనక నుంచి ఒకటే బెల్లులు. ఆ దారి సైకిళ్ళది. పక్కన గుండ్రటి నీలం పలక మీద తెల్ల సైకిలు బొమ్మ ఉంటే సైకిలు ఆ దారిలోనే పోవాలి, కార్ల రోడ్డు ఎక్కకూడదు. తరవాత ఒక పాత సైకిలు కొన్నాను. హ్యాండిలుకు బ్రేకు పిడి లేదు. పెడల్ వెనక్కి తొక్కితే అదే ఆగుతుందన్నాడు అమ్మినతను. మన సైకిలు మీద పల్లంలో దిగుతూ ఊరికే వెనక్కి తిప్పి ఫ్రీవీలు టకటకలాడించడం నాకు చిన్నప్పటి అలవాటు కదా. కాలువ మీది వంతెన దిగుతూ అదే పని చేశాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది, అమ్మకు చెప్పకండి.

మూడోది వీటికంటే పెద్దది. ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. పగలు పదిమందితో కలిసి వెళ్ళేటప్పుడు ఇబ్బంది లేదు. ఒక రాత్రి ఖాళీ వీధిలో మలుపు తిరిగాను, ఆలోచించకుండానే విశాఖపట్నంలో లాగా ఎడమవైపుకు వచ్చేశాను. ఎదురుగా ఒక ముసలావిడ సైకిలు ఆపి, దిగి, నేను పక్కకు తప్పుకునే దాకా నావైపే చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ఇక రూల్సు. ఇవి చదివితే మీకు నవ్వు వస్తుంది. మీకు తెలియనివి తక్కువే. ఇక్కడి రోడ్ల మీద కూడళ్ళ దగ్గర తెల్ల రంగుతో వరుసగా త్రికోణాలు గీస్తారు. వాటిని సొరచేప పళ్ళు అంటారు. పళ్ళ మొనలు మనవైపు చూస్తుంటే మనం ఆగి, అడ్డంగా వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలి. మనం సొరపుట్టు వండుకుని తింటే వీళ్ళు సొర పళ్ళు రోడ్డుకు వేసుకున్నారు. పళ్ళూ పలకలూ సిగ్నలూ ఏమీ లేని చోట కుడి చేతి వైపు నుంచి వచ్చే బండిది ముందు హక్కు. 2001 మే దాకా ఆ హక్కు మోటారు బండ్లకే ఉండేది, అప్పటి నుంచి సైకిలుకూ ఇచ్చారు. అంటే కుడివైపు నుంచి పదేళ్ళ పిల్ల సైకిలు మీద వస్తుంటే లారీ అయినా ఆగాలి. తమాషా ఏమిటంటే, సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు వారికి దారి ఇవ్వాలన్నది మన దేశంలోనూ ఉన్న నియమమే. మన దగ్గర దాన్ని లైసెన్సు పరీక్ష రాసిన మధ్యాహ్నానికే మరిచిపోతాం.

మలుపు తిరిగే ముందు చేయి చాచాలి. ఇది మర్యాద కాదు, చట్టం. చేయి చాచకుండా తిరిగే వాళ్ళను ఇక్కడ పిల్లలు కూడా విసుగ్గా చూస్తారు. నాకు ఇది ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. చిన్నప్పుడు మీ సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. సింధియా జంక్షను దగ్గర తిరిగేటప్పుడు మీరు ముందు భుజం మీదుగా వెనక్కి చూసేవారు, తరవాత కుడి చేయి పక్కకు తిన్నగా చాచేవారు, ఆ తరవాతే తిరిగేవారు. షిఫ్టు విడిచిన వేళ షిప్‌యార్డు గేటు నుంచి వందల సైకిళ్ళు ఒక్కసారి బయటపడేవి, ఒకదానికొకటి తగిలేవి కావు. నేను ఈ దేశం వచ్చి కొత్తగా నేర్చుకున్నాననుకున్నది అక్కడ మా కళ్ళ ముందే ఉండేది. తమ్ముడికి అది గుర్తుండదు. వాడికి ఊహ తెలిసేసరికి మీరు స్కూటరు కొన్నారు.

పరీక్ష సంగతి మాత్రం వాడికి చదివి వినిపించండి. ఇక్కడ పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు బడిలో సైకిలు పరీక్ష పెడతారు. ముందు కాగితం మీద. తరవాత అసలు రోడ్డు మీద. ఒంటి మీద నెంబరు వేసిన జాకెట్టు తొడుక్కుని ఒక్కొక్కరే ఊళ్ళో గీసిన దారి వెంట తొక్కుకుంటూ వెళ్ళాలి. మలుపు మలుపున ఒక పెద్దమనిషి కాగితం పట్టుకుని నిలబడి ఉంటారు: వెనక్కి చూశాడా, చేయి చాచాడా, సొర పళ్ళ దగ్గర ఆగాడా. మా పక్కింటి పాప పరీక్షకు మనుషులు తక్కువైతే నన్నూ ఒక మలుపు దగ్గర నిలబెట్టారు. ఆ గంటలో నేను వేసిన తప్పు గుర్తుల్లో ఎక్కువ భాగం ఒకే తప్పుకు: చేయి చాచారు గానీ వెనక్కి చూడలేదు.

ఆ బడివాళ్ళే ఇంకొక రోజు ఒక పెద్ద లారీని ఆవరణలోకి తెప్పించారు. పిల్లలను ఒక్కొక్కరిగా డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, మిగతా క్లాసంతటినీ లారీ పక్కన నిలబెట్టారు. "మీ స్నేహితులు కనిపిస్తున్నారా?" అని అడిగితే, పైన కూర్చున్న పిల్ల అద్దాలన్నీ వెతికి ఎవరూ లేరంది. దాదాపు పాతికమంది పిల్లలు నాన్నగారూ, ఒక్కరూ కనిపించలేదు. నేనూ ఎక్కి చూశాను, నిజంగా లేరు. ఆ చోటును వీళ్ళ భాషలో చచ్చిన మూల అంటారు. లారీ మలుపు తిరిగేటప్పుడు సైకిలు ఆ మూలలో ఉంటే డ్రైవరు ఎంత మంచివాడైనా చేయగలిగింది లేదు. అందుకని లారీ ఆగి ఉంటే దాని పక్కకు దూరకుండా కనీసం 3 మీటర్ల వెనకే ఆగమని పిల్లలకు నేర్పుతారు. ఇక్కడ ప్రమాదం లారీకి కుడి పక్కన, మన దగ్గర ఎడమ పక్కన. మల్కాపురంలో ట్యాంకరుకూ రోడ్డు అంచుకూ మధ్య కొద్దిగా సందు కనిపిస్తే సైకిలు, స్కూటరు అన్నీ అందులోకే దూరతాయి కదా. కిట్టూకి అన్ని రూల్సూ నేర్పడానికి మీకు ఓపిక లేకపోతే ఇదొక్కటి నేర్పండి: ట్యాంకరు ఎడమ పక్కకు పోకూడదు. ఆలస్యమైతే కానీ, వెనకే ఆగాలి.

ఇప్పుడు హెల్మెట్టు. "అక్కడ ఎవరూ పెట్టుకోరటగా" అని మీరు తమ్ముడితో అన్నారని విన్నాను. నిజమే, మామూలు సైకిలుకు చట్టం అడగదు, మా వీధిలో పెట్టుకునేవాళ్ళూ తక్కువే. కానీ ఆ మాట ఒక్కటి తీసుకెళ్ళి అక్కడ వాడకండి. ఇక్కడ పెద్ద రోడ్ల పక్కన సైకిలు దారిని గట్టు కట్టి వేరు చేశారు. ఇంటి వీధుల్లో కార్ల వేగం చాలా చోట్ల గంటకు 30 కిలోమీటర్లే, ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 డిసెంబరు నుంచి నగరంలో ఎక్కువ రోడ్లకు ఇదే హద్దు. కారు సైకిలును గుద్దితే చాలా వరకు నష్టపరిహారం భారం కారు యజమానిదే, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల విషయంలో దాదాపు ఎప్పుడూ మొత్తం ఆయనదే. వీళ్ళ హెల్మెట్టు రోడ్డులో కలిపి పోశారు. మన రోడ్డులో అది లేదు కాబట్టి తల మీద పెట్టుకోవాలి. ఈ విషయంలో నేను వాడి వైపే.

అయితే "వాళ్ళ దేశం వేరు" అని వాడంటే మాత్రం ఒప్పుకోకండి. ఈ దేశం పుట్టినప్పుడే ఇలా లేదు. కార్లు పెరిగాక 1971లో ఇక్కడ రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది దాకా చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు, "పిల్లల హత్యలు ఆపండి" అన్నదే వాళ్ళ నినాదం. 1973లో చమురు కరవొచ్చి ఆదివారాలు కార్లు ఆపినప్పుడు, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్ళారా చూశారు. దారులు ఆ తరవాత ఒక్కొక్కటిగా వచ్చాయి. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బండ్లు ఆపినప్పుడు కాళీ గుడి నుంచి సబ్‌మెరైను మ్యూజియం దాకా పిల్లలు ఎలా తిరుగుతారో వాడూ చూశాడు. చూసి ఇంటికి వచ్చి కారు కడుక్కుంటాడు.

మీకు సరదాగా ఉండేవి కొన్ని. పోలీసు మిమ్మల్ని "డబుల్సు" అని ఆపి చైను పట్టుకుని లాగిన కథ చెబుతారు కదా, ఇక్కడ వెనక క్యారియరు మీద మనిషిని ఎక్కించుకోవడం తప్పే కాదు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మాత్రం వేరే సీటు కట్టాలి. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కవచ్చు. ఫోను చేతిలో పట్టుకుని తొక్కితే 2019 జులై నుంచి జరిమానా. తాగి సైకిలు తొక్కినా నేరమే, ఈ ముక్క పెదనాన్నకు వినిపించండి. మా ఊరి రైల్వే స్టేషను కింద 12,500 సైకిళ్ళు పట్టే మూడంతస్తుల స్టాండు ఉంది, మొదటి 24 గంటలు ఉచితం. షిప్‌యార్డు స్టాండులో ఇత్తడి బిళ్ళ పోగొట్టుకుని మీరు గంటసేపు నిలబడిన రోజు గుర్తొచ్చింది.

కాబట్టి నా మాట: సైకిలు కొనండి. పెద్దయ్యాక సరిపోతుందని ఎత్తు సైకిలు కొనవద్దు, సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనాలి. రెండు బ్రేకులూ, బెల్లూ చూసుకోండి. మొదటి నెల కాలనీ లోపలి వీధుల్లోనే. చేయి చాచినప్పుడు సైకిలు పక్కకు వాలకుండా ఒంటి చేత్తో తిన్నగా పోవడం వచ్చే దాకా బయటికి వద్దు. ఆగి ఉన్న ఆటోలకు, కార్లకు తలుపు తెరుచుకునేంత దూరం వదలాలి. ట్యూషనుకు మెయిన్ రోడ్డు వద్దు, శ్రీహరిపురం లోపలి నుంచి చుట్టు తిరిగి పోనివ్వండి, పది నిమిషాలు ఎక్కువైతే ఏమీ మునిగిపోదు. కూడలి దాటేటప్పుడు సైకిలు దిగి నడిపించుకుని దాటాలి. దానికి కిట్టూ సిగ్గుపడతాడు, మీరు పక్కన ఉంటే పడడు.

ఇక దీపాలు. ఇక్కడ చీకటి పడితే ముందు తెల్లది లేదా పసుపుది, వెనక ఎర్రది వెలగాల్సిందే, మిణుకుమిణుకుమనకూడదు. పోయిన శీతాకాలం ఒకసారి బ్యాటరీ అయిపోయి లైటు లేకుండా ఇంటికి వస్తుంటే పోలీసు ఆపి జరిమానా వేశారు. డబ్బు పోయిందని ఏడుపు వచ్చింది. "దారి నాకు కనిపిస్తూనే ఉంది కదా" అన్నాను. "నీకు కనిపించడానికి కాదు, నువ్వు కనిపించడానికి" అన్నాడాయన. ఆ మాట ఎందుకు రాస్తున్నానంటే, సైకిలు పంచాయితీ అయ్యాక అమ్మ గొంతు తగ్గించి ఇంకొక సంగతి చెప్పింది. స్కూటరు అమ్మేశాక మీ పాత నల్ల సైకిలు అటక మీది నుంచి దింపారట. సాయంత్రం మార్కెట్టుకు దాని మీదే వెళ్ళి, ఏడు దాటాక, ముదురు రంగు శాలువా కప్పుకుని వస్తున్నారట. డైనమో ఎప్పుడో ఊడిపోయిందట. వీధి దీపాలున్నాయిగా అన్నారట.

జనవరిలో మా ఆఫీసులో గాజువాక అబ్బాయి ఇంటికి వస్తున్నాడు. అతనితో రెండు జతల దీపాలు పంపుతున్నాను. రబ్బరు పట్టీతో హ్యాండిలుకు, సీటు కింద కడ్డీకి తగిలించుకోవడమే, ఫోను చార్జరుతోనే చార్జింగ్ అవుతాయి. ఒక జత కిట్టూది. రెండోది మీది. ముందు మీ సైకిలుకు తగిలించి ఫోటో తీసి పంపండి, ఆ తరవాతే ఈ ఉత్తరం తమ్ముడికి చూపించండి.

అమ్మకు, తమ్ముడికి, మరదలికి అడిగానని చెప్పండి. కిట్టూకి ముద్దులు.

మీ
అమ్మాయి