అత్యవసర దీపాలకు బటన్ నొక్కి చూడటమే పరీక్ష కాదు

సంపాదకులకు నమస్కారం.

మెట్లదారుల్లో, నడవాల్లో, బయటికి వెళ్లే ద్వారాలపైన అమర్చిన అత్యవసర దీపాలను పరీక్షించడమంటే టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి, వెలిగిందని రిజిస్టరులో టిక్కు పెట్టడమే అన్న అలవాటు చాలా భవనాల్లో స్థిరపడిపోయింది. ఏళ్ల తరబడి విద్యుత్ నిర్వహణ పనిలో ఉన్న నేను కూడా ఆ తప్పు చేసినవాణ్ణే.

నేను పనిచేసిన ఒక భవనంలో ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు మెట్లమీది దీపాలన్నీ వెలిగి, పది నిమిషాలు తిరగకముందే ఒకటొకటిగా మసకబారి ఆరిపోయాయి. కిందికి దిగుతున్న ఒక పెద్దావిడ గోడ పట్టుకుని చీకట్లో నిలబడిపోయారు. ఆ నెల అవన్నీ బాగున్నాయని రాసి సంతకం చేసింది నేనే.

దీపం మీద కనిపించే పచ్చ ఇండికేటరు ఛార్జింగ్ అందుతోందని మాత్రమే తెలుపుతుంది. కరెంటు లేనప్పుడు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో తెలపదు. సామర్థ్యం చాలావరకు కోల్పోయిన బ్యాటరీ కూడా అర నిమిషం దీపాన్ని వెలిగించగలదు కాబట్టి, లోపం బయటపడాలంటే దాన్ని పూర్తి వ్యవధిపాటు వెలగనివ్వడం తప్ప మరో మార్గం లేదు. అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ 101 అనే అగ్నిప్రమాద భద్రతా నియమావళి అందుకే నెలకోసారి 30 సెకన్ల పరీక్షతో సరిపెట్టక, ఏడాదికోసారి 90 నిమిషాల పరీక్షను కూడా కోరుతోంది. వేడి తగిలే చోట ఈ జాగ్రత్త మరీ అవసరం. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల సెల్సియస్ దాటాక, పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగానికి పడిపోతుంది.

పూర్తి పరీక్ష తర్వాత బ్యాటరీలు ఖాళీ అవుతాయని, మళ్లీ నిండటానికి ఒక రోజు దాకా పట్టవచ్చని, ఆలోగా కరెంటు పోతే ఏమిటని నిర్వాహకులు అడుగుతారు. అది సరైన ప్రశ్నే. జనం లేని రోజు చూసుకుని, ఒక విడతలో ఒకటి విడిచి ఒకటి చొప్పున పరీక్షించి, అవి నిండాక మిగతావాటిని చేపడితే ఏ దారీ పూర్తిగా చీకటిలో ఉండదు. బటన్ పట్టుకుని నిలబడనక్కరలేదు. ఆ దీపాల సర్క్యూట్‌కు బ్రేకరు దించితే చాలు.

భవన యజమానులకు, నివాసుల సంఘాలకు నా విన్నపం ఒక్కటే: రిజిస్టరులో టిక్కు గడి తీసేసి, ప్రతి దీపం నంబరుకు ఎదురుగా బ్యాటరీ అమర్చిన తేదీ, చివరి పరీక్షలో అది వెలిగిన నిమిషాలు రాయించండి.

ఇట్లు,
ఒక విద్యుత్ నిర్వహణ ఉద్యోగి