పన్నెండు మెమరీ చిప్పులు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఎట్టున్నావు? నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ అందరం బాగున్నాం. ఇది ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

పోయిన నెల ఆన్‌లైన్లో ఒక పాత కార్డు కొన్నా. అమ్మినతను ‘పాత డిస్‌ప్లే కార్డు, పనిచేస్తుందో లేదో తెలియదు’ అని పెట్టాడు. ఫొటో మసక. 1,200 రూపాయలు. మామూలు డిస్‌ప్లే కార్డుకి పెద్ద చిప్పు ఒకటే కదా, దీనికి రెండు కనిపించేసరికి ఆగలేకపోయా.

ఇంటికొచ్చాక బ్రష్‌తో దుమ్ము దులిపితే రెంటి మీదా ‘త్రీడీఎఫ్ఎక్స్’ అని బయటపడింది. వూడూ! గేముల్లో త్రీడీ బొమ్మలు గీయడానికి ఆ కంపెనీ చేసిన చిప్పులు. తర్వాత వచ్చిన వూడూ2కైతే మూడు చిప్పులుంటాయి. రెండే ఉన్నాయంటే 1996లో వచ్చిన మొదటి వూడూనే. ఒకటి తెర మీది బొమ్మ సంగతి చూసుకుంటే, రెండోది గోడలకీ నేలకీ అద్దే టెక్స్చర్ల పని చూస్తుంది. మామూలు తెర బొమ్మ, అదే టూడీ, దీనికి రాదు, పక్కన ఇంకో కార్డు ఉండాల్సిందే.

కానీ ఆ చిప్పులు కొని కార్డులు చేసిన కంపెనీలు బోలెడు. మరి ఇదెవరిది? మెమరీ చిప్పులు లెక్కపెట్టా. ఒక్కోటి 512 కేబీ. అప్పటి కార్డుల్లో ఎక్కువ వాటికి 4 ఎంబీ, అంటే ఎనిమిది. దీనికి పన్నెండున్నాయి! మా ఆవిడ చేత కూడా లెక్కపెట్టించా. పన్నెండే. 6 ఎంబీ! పైగా టీవీకి కలిపే గుండ్రటి ఎస్-వీడియో సాకెట్.

బోర్డు మీది సన్న అక్షరాలు నా కళ్లకి ఆనలేదు. ట్రంకు రోడ్డులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరకి తీసుకెళ్లా. ఆయన కంటికి అద్దం బిగించి ఒక్కో అక్షరం చెబుతుంటే కాగితం మీద రాసుకున్నా. కెనోపస్. జపాన్ కంపెనీ. వాళ్ల ప్యూర్3డీ కార్డు రా బావా! మిగతావాళ్లలో చాలామంది టెక్స్చర్లకి 2 ఎంబీ ఇస్తే వీళ్లు 4 ఇచ్చారు. నా చెయ్యి వణికింది, నిజంగా.

ఒక చిప్పు మీద 9738 అని ఉంది. 1997లో 38వ వారం, అంటే సెప్టెంబరు. మనం ఇంటర్ రెండో ఏడు. ట్యూషన్ ఎగ్గొట్టి కంప్యూటర్ సెంటర్ అద్దంలోంచి గేములు చూస్తూ నిలబడిన రోజులు.

ఇంకా కరెంటు పెట్టలేదు. నా దగ్గర ఈ కార్డు గుచ్చే పీసీఐ స్లాటున్న పాత మిషనేదీ లేదు. ఒంగోల్లో మీ ఇంటి అటక మీద పాత పెంటియం కంప్యూటర్ ఉందిగా, పాత సామాన్లవాడికి ఇవ్వనీయకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టి తీసుకురా. మానిటర్ నేను చూసుకుంటా.

నీ
బావ