బంతి నారుకు బిల్లు మీద భరోసా ఇప్పించండి: ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఉద్యాన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శంకర్‌పల్లి వైపు బంతి సాగు చేసే చిన్న రైతును. సబ్సిడీ పెంచమని అడగడానికి రాయడం లేదు. మాకు ముందు కావాల్సింది నమ్మకమైన నారు.

బంతికి మంచి ధర పలికేది ఏడాదిలో కొన్ని రోజులే. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి దసరా దాకా గుడిమల్కాపూర్ మార్కెట్లో ఎంత సరుకు దించినా పోతుంది. పండుగ దాటిందా, కోత కూలి కూడా రాదు. పైగా ఆ తేదీ ఏటా కదులుతుంది. 2025లో దసరా అక్టోబరు 2న వస్తే, 2026లో అధిక మాసం వల్ల 20కి జరిగింది. నారు పెరగడానికి పాతిక రోజులు, నాటాక పూత పట్టడానికి సుమారు రెండు నెలలు. 2026లో ఎంగిలిపూల నాటికి పూలు కావాలంటే, వెనక్కి లెక్కేసి జూలై మూడో వారంలో గింజ పడాలి. ఇంత లెక్క చూసుకుని నాటిన చేలో ముద్దబంతికి బదులు రేకబంతి పూస్తే ఇక చేసేదేం ఉండదు.

మా ఊళ్లో ఒకాయనకు అదే జరిగింది. హైబ్రిడ్ అని చెప్పి నారు అమ్మారు. ఆకు చూసి రకం పోల్చడం ఎవరి వల్లా కాదు, పూసేదాకా ఆగాల్సిందే. బిల్లు మీద ‘బంతి నారు’ అని తప్ప రకం పేరు లేదు, లాట్ నంబరు లేదు. నర్సరీవాళ్లు విత్తన కంపెనీని అడగమన్నారు, కంపెనీవాళ్లు మీ ఎరువుల్లోనే తేడా ఉందన్నారు.

హైబ్రిడ్ గింజ తయారీలోనే ఒక చిక్కుంది. అందుకు పుప్పొడి లేని ఆడ మొక్కలు కావాలి. కానీ ఆ వరుసల్లో దాదాపు సగం పుప్పొడి ఉన్నవే మొలుస్తాయి. పూలు విచ్చకముందే ఒక్కో మొక్కా చూసి వాటిని పీకెయ్యాలి. ఆ పనిలో ఏమరుపాటు జరిగితే గింజ కల్తీ అయి, నష్టం మా చేలో తేలుతుంది. పోనీ హైబ్రిడ్ పూల గింజే దాచుకుని మరుసటేడు పోద్దామంటే, అదీ కలగాపులగంగా పూస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క బంగార లాంటి రకాలు తెచ్చింది. వాటిని గింజతో కాదు, కొమ్మ ముక్కలతో పెంచుతారు. కాబట్టి పిల్ల మొక్క అచ్చం తల్లిలాగే పూస్తుంది. నాటిన నెలకు పక్క కొమ్మలు రావాలని మేం తలలు తుంచి గట్టున పారేస్తాం. ఇలాంటి రకమైతే ఆ తలలే నారు. కింది ఆకులు తీసేసి కొబ్బరి పొట్టు ట్రేలో గుచ్చి, నీడలో తడి ఆరకుండా చూస్తే వేరు పడుతుంది. అయితే తెగులు లేని తల్లి మొక్కలు ఎవరో ఒకరు కాపాడాలి. రాజేంద్రనగర్ పూల పరిశోధన కేంద్రం గానీ, సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం గానీ ఆ బాధ్యత తీసుకుని నర్సరీలకు కొమ్మలు ఇస్తే చాలు.

ఎరువుల మాట కంపెనీవాళ్లు తప్పించుకోవడానికి అన్నా, అందులో కొంత నిజముంది. ఎరువు వల్ల రేకబంతి రాదు గానీ, మోతాదు తప్పితే మంచి నారు కూడా పాడవుతుంది. మొగ్గ దశలో యూరియా గుప్పిస్తే చెట్టు ఏపుగా పెరిగి ఆకులే మిగులుతాయి, పూత వెనకబడుతుంది. ఒక్క వానకే కొమ్మలు ఒరుగుతాయి. భాస్వరం, పొటాష్, సగం నత్రజని దుక్కిలో వేసి, మిగతా సగం తలలు తుంచే సమయంలో వేయమని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. మా భూసార కార్డులో మాత్రం వరి, పత్తి, మొక్కజొన్న ఉన్నాయి, బంతి లేదు. ఇంకేముంది, మందుల షాపాయన చెప్పిందే డోసు!

ఉద్యాన నర్సరీల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. మా చేతికొచ్చే బిల్లులో దాని జాడే లేదు. నారు అమ్మే ప్రతి నర్సరీ బిల్లులో రకం, లాట్ నంబరు, గింజ పోసిన తేదీ రాయాలని, భూసార పరీక్ష ఫలితాల్లో బంతికి కూడా మోతాదు ఇవ్వాలని ఆదేశించండి. కొత్త పథకం అక్కర్లేదు. జూలైలో గింజ పడాలి కాబట్టి జూన్‌లోపే ఆ ఆదేశాలు జిల్లా ఉద్యాన అధికారులకు చేరేలా చూడగలరు.

ఇట్లు,
ఒక బంతి రైతు,
శంకర్‌పల్లి మండలం, రంగారెడ్డి జిల్లా